ప్రోటాన్ల లెక్క వేసేటప్పుడు ఆ ప్లస్-ఆర్-మైనస్ కూడా అచ్చు వేయండి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పోయిన నెల ఒకరోజు క్లాసులోకి అడుగు పెట్టానో లేదో సెకండియర్ అబ్బాయి ఒకడు పేపరు కత్తిరింపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "సార్, సెర్న్‌లో ప్రోటాన్లను గుద్దిస్తే లెక్కగట్టినదానికంటే ఎక్కువ కణాలు వచ్చినాయంట, సిద్ధాంతం కూలిపోయిందంట, మరి మనం చదివేదంతా తప్పేనా?" అన్నాడు. పిల్లోడు మంచి చురుకైనవాడు, నిజంగానే కంగారుపడి అడిగాడు. ఆ కత్తిరింపు మీ పత్రికలోదే. నాలుగు వాక్యాల వార్త, పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక. అందులో లెక్కగట్టింది ఎంతో లేదు, కొలిచింది ఎంతో లేదు, ఏ సిద్ధాంతమో కూడా లేదు. ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టి గంటసేపు ఇదే మాట్లాడాం. అక్కడ చెప్పినదాన్నే మీకూ రాస్తున్నాను, ఎందుకంటే ఆ వార్త చదివినవాళ్లు మా క్లాసులో ఉన్న అరవై మందే కాదు గదా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. కణాలు ఎక్కువ వచ్చాయన్నది అబద్ధమేం కాదు. ఇలాంటిది నిజంగా జరిగింది, అదీ మొదట్లోనే. జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన సంస్థ ఉంది. అక్కడ భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే యంత్రంలో 2010 మార్చి 30న ప్రోటాన్లను 7 టీఈవీ (టీఈవీ అంటే కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో మొదటిసారి ఢీకొట్టించారు. అప్పటిదాకా మనిషి అంత శక్తితో ప్రోటాన్లను గుద్దించింది లేదు. సీఎంఎస్ అనే ప్రయోగం వాళ్లు వెంటనే చేసిన పనుల్లో ఒకటి చాలా మామూలుగా కనిపించే పని, గుద్దుకున్నప్పుడు ఎన్ని విద్యుదావేశ కణాలు పుడుతున్నాయో లెక్కపెట్టడం. మధ్యభాగంలో ఒక ప్రమాణ వెడల్పుకు సగటున 5.78 వచ్చింది. 0.9 టీఈవీ దగ్గర వచ్చినదానితో పోలిస్తే 66 శాతం పెరుగుదల. అప్పట్లో అందరూ వాడుతున్న మోడళ్లు అంత పెరుగుతుందని చెప్పలేదు, తక్కువ చెప్పాయి. ఆలిస్ అనే ఇంకో ప్రయోగం తమ పద్ధతిలో విడిగా కొలిస్తే అక్కడ కూడా మోడళ్లు చెప్పినదానికంటే పెరుగుదల ఎక్కువే వచ్చింది.

మరి సిద్ధాంతం కూలిందా? ఇక్కడే మన వార్తలు దెబ్బతింటున్నాయి. "సిద్ధాంతం" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం.

ప్రోటాన్ లోపల క్వార్కులు, వాటిని కలిపి పట్టుకునే గ్లూయాన్లు అనే ఇంకా చిన్న కణాలు ఉంటాయి. రెండు ప్రోటాన్లు ఎదురెదురుగా వచ్చినప్పుడు లోపలి క్వార్కో గ్లూయానో ఎదుటిదాన్ని గట్టిగా తగిలితే, అంటే చాలా దగ్గరికి వెళ్లి గుద్దుకుంటే, అక్కడ ఏం జరుగుతుందో సమీకరణాల నుంచే లెక్కకట్టవచ్చు. బాగా దగ్గరి దూరాల్లో క్వార్కులను పట్టి ఉంచే బలం మెత్తబడిపోతుందని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ చూపించారు, 2004లో నోబెల్ కూడా వచ్చింది. అందుకే అక్కడ లెక్క నడుస్తుంది. కానీ ఎక్కువ ఢీలు అలా జరగవు. రద్దీ బజారులో భుజాలు రాసుకుపోయినట్టు ప్రోటాన్లు ఒకదాన్ని ఒకటి రాసుకుని పోతుంటాయి. అలాంటిచోట బలం ఎంత ఎక్కువంటే మామూలు పద్ధతిలో లెక్క అసలు సాగదు. అప్పుడు మోడళ్లు కట్టుకుంటారు. స్వీడన్‌లోని లుండ్‌లో పుట్టిన పిథియా అనే ప్రోగ్రాము అందులో బాగా పేరున్నది. క్వార్కుల మధ్య ఒక తీగ సాగుతుంది, సాగి సాగి తెగుతుంది, తెగిన ప్రతిచోటా కొత్త కణాలు పుడతాయి అన్నది దాని ఊహ. ఆ తీగ ఎంత బిగువు, ఎక్కడ ఎంత సులువుగా తెగుతుంది, ఒక ప్రోటాన్ జంటలో ఒకేసారి ఎన్ని చిన్న ఢీలు జరుగుతాయి, ఇవన్నీ సమీకరణం చెప్పదు, పాత కొలతలు చూసి సరిచేసుకోవాలి. పాత రేడియోలో ముల్లు తిప్పి స్టేషన్ పట్టుకున్నట్టు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా ట్యూన్ అనే.

2010లో తప్పింది అదీ. తక్కువ శక్తి దగ్గర సరిచేసిన ముల్లు ఎక్కువ శక్తి దగ్గరికి పోయేసరికి స్టేషన్ పూర్తిగా పట్టలేదు. ఆ కొత్త కొలతలను కూడా కలుపుకుని మళ్లీ ట్యూన్ చేశారు, మొనాష్ 2013 అనేది వాటిలో ఒకటి. 2015లో 13 టీఈవీకి పెంచినప్పుడు సీఎంఎస్ మళ్లీ లెక్కపెడితే ఈసారి మధ్యభాగంలో కొత్త మోడళ్లు కొలతకు బాగానే సరిపోయాయి. క్వార్కుల సిద్ధాంతానికి ఇందులో గీత కూడా పడలేదు.

మా అన్న అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. పిల్లలకు నేను చెప్పిన ఉదాహరణ అక్కడిదే, మన జిల్లాలో ఇది తెలియని ఇల్లు తక్కువ. ఒక గుంటలో 2 లక్షల సీడ్ వదిలాడనుకోండి. ముప్పావు వంతు బతుకుతాయని అంచనా, అంటే లక్షన్నర. 50 కౌంట్‌లో పడితే, అంటే కిలోకి 50 రొయ్యలు తూగితే, 3 టన్నులు రావాలి. పట్టుబడి రోజు కాటా మీద 2.4 టన్నులే వచ్చింది. ఇప్పుడు మా అన్న "రొయ్యల సాగు శాస్త్రమే తప్పు" అంటాడా? అనడు. హేచరీ నుంచి వచ్చిన సంచుల్లో నిజంగా 2 లక్షలు ఉన్నాయా, లేక అక్కడే తగ్గాయా? ముప్పావు వంతు అన్న అంచనా కిందటి పంట నుంచి తెచ్చుకున్నది గదా, ఈసారి ఉప్పుశాతం వేరే కాబట్టి అది వర్తించదా? కాటా సరిగా ఉందా? లాగినప్పుడు గుంట అడుగున బురదలో కొన్ని మిగిలిపోయాయా? ఇలా ఒక్కొక్కటి పట్టుకుని అడుగుతాడు. ఆ అడగడమే శాస్త్రం.

ఇంకొక సంగతి కూడా ఆ గుంట గట్టు మీదే అర్థమవుతుంది. మధ్యలో ఎన్ని బతికున్నాయో తెలియడానికి విసురు వల వేసి చూస్తారు. వలలో 40 పడితే గుంటలో 40 ఉన్నట్టు కాదు. వల ఎంత మేర పరుచుకుంది, పడకుండా ఎన్ని తప్పించుకున్నాయి, చిన్నవి కన్నుల్లోంచి ఎన్ని జారిపోయాయి అని చూసుకుని ఆ 40ని పెంచి మొత్తానికి లెక్క కడతారు. సెర్న్‌లో డిటెక్టర్ కూడా వల లాంటిదే. నెమ్మదిగా పోయే కణాలు కొన్ని దానికి చిక్కవు. కొన్నిసార్లు ఒక్క కణమే రెండుగా కనబడుతుంది. కొన్ని కణాలు దారిలోనే విరిగి వేరేవి అవుతాయి, వాటిని లెక్కలో కలపాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి. అందుకే సీఎంఎస్ వాళ్లు 5.78 అని ఊరుకోలేదు, పక్కన రెండు అంకెలు రాశారు. ఒకటి 0.01, రెండోది 0.23. మొదటిది ఢీల సంఖ్య వల్ల వచ్చే ఊగిసలాట, లక్షల ఢీలు చూస్తే అది తగ్గిపోతుంది. రెండోది వల వల్ల వచ్చే అనుమానం, దాన్ని ఎన్నిసార్లు విసిరినా తగ్గించలేం, వలనే బాగా అర్థం చేసుకోవాలి. ఇరవై మూడు రెట్లు తేడా ఉంది ఆ రెండిటికీ! నాకైతే ఆ 0.23 చూస్తే 5.78 కంటే ఎక్కువ గౌరవం కలుగుతుంది. ఎంతమంది ఎన్ని రాత్రులు కూర్చుంటే ఆ అంకె వస్తుందో ఊహించుకోండి.

వార్త రాసేటప్పుడు ఆ రెండు అంకెలనే తీసేస్తున్నారు. తీసేస్తే ఏమవుతుందో చూపిస్తాను. ఇందాక 7 టీఈవీ దగ్గర 5.78 అన్నాను. 13 టీఈవీ దగ్గర సీఎంఎస్ ప్రకటించిన అంకె 5.49. ఎవరైనా ఈ రెండూ పక్కపక్కన పెట్టి "శక్తి రెట్టింపు చేస్తే కణాలు తగ్గాయి, శాస్త్రవేత్తలకు షాక్" అని శీర్షిక పెట్టొచ్చు. పెడితే అది పూర్తిగా తప్పు. మొదటిదాంట్లో ఒక రకం ఢీలను, అంటే ఒక ప్రోటాన్ విరగకుండా రాసుకుపోయి రెండోది మాత్రమే విరిగేవాటిని, లెక్కలోంచి తీసేశారు. అలాంటివాటిలో కణాలు తక్కువ పుడతాయి, వాటిని తీసేస్తే సగటు పెరుగుతుంది. రెండోదాంట్లో కణాలు పుట్టే ఢీలన్నిటినీ కలుపుకున్నారు. ఏరిన రొయ్యల తూకాన్నీ ఏరని రొయ్యల తూకాన్నీ పక్కపక్కన పెట్టి ఈ పంట తగ్గిందనడం ఎలాంటిదో ఇదీ అంతే. దేన్ని దేనితో పోలుస్తున్నామో ఒక్క వాక్యంలో చెప్పకపోతే అంకె వల్ల లాభం లేదు, పైగా నష్టం.

సిద్ధాంతం గట్టిగా నిలబడిన చోటు కూడా చెప్పాలి, అలాంటివి మన పేపర్లలో అసలు రావు. టాప్ క్వార్క్ అని ఒకటుంది, 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో దొరికింది, తెలిసిన మూల కణాల్లో అన్నిటికంటే బరువైనది. 13 టీఈవీ దగ్గర ప్రోటాన్లు గుద్దుకుంటే టాప్ జంటలు ఎంత తరచుగా పుట్టాలో సమీకరణాల నుంచి లెక్కకడితే సుమారు 832 పికోబార్న్‌లు వచ్చింది (ఒక రకం ఢీ ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే కొలమానం అది). ఇది ట్యూన్ చేసిన మోడల్ కాదు, ఇందాక చెప్పిన గట్టి ఢీల లెక్క. అట్లాస్ ప్రయోగం 2023లో ప్రకటించిన కొలత 829. ఎంత దగ్గరో చూడండి! దాని పక్కన వాళ్లు రాసినవి ఇంకా బాగుంటాయి. ఢీల సంఖ్య వల్ల వచ్చే తప్పు 1. పరికరాన్ని, పద్ధతిని అర్థం చేసుకోవడంలో ఉన్న అనుమానం 13. అసలు ఎన్ని ప్రోటాన్లు ఎదురుపడ్డాయో తెలుసుకోవడంలో ఉన్నది 8. యంత్రం శక్తి ఎంతో చెప్పడంలో ఉన్నది 2. అన్నీ కలిపినా రెండు శాతం దాటదు. సిద్ధాంతం వైపు అనుమానం అంతకంటే ఎక్కువ, ఐదు శాతం దాకా ఉంది. అంటే ఇక్కడ కొలిచేవాళ్లు లెక్కగట్టేవాళ్ల కంటే ముందున్నారు, ఇప్పుడు లెక్కగట్టేవాళ్లు పరుగెత్తాలి. 832కీ 829కీ మధ్య ఉన్న ఆ మూడు తేడా చూసి "సరిగా కలవలేదు" అని ఎవరైనా రాస్తే నేను ఏం చెప్పాలి?

అలా పరుగెత్తేవాళ్లలో మనవాళ్లున్నారు. హిగ్స్ కణం 2012 జులై 4న దొరికిందని అందరికీ తెలుసు. అది ఎంత తరచుగా పుట్టాలో కచ్చితంగా కట్టిన లెక్కల్లో ఒకటి, 2003లో ఇద్దరు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి చేసినది, వి.రవీంద్రన్ గారిది. ఆయన పనిచేసే గణిత శాస్త్రాల సంస్థ చెన్నైలోనే ఉంది. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటలు. 2017 నుంచి మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం కూడా. ఇవి మా పిల్లలకు తెలియవు. కానీ 2008 సెప్టెంబరు 10న ఆ యంత్రం మొదలుపెట్టిన రోజు ప్రళయం వస్తుందని టీవీల్లో చెప్పింది మాత్రం అందరికీ తెలుసు. మా వీధిలో ఒకావిడ ఆ రోజు పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే దేవుడి ముందు కూర్చోబెట్టింది. ఆ భయం నాకు ఇంకా గుర్తుంది.

తేడా నిజంగానే వచ్చినప్పుడు ఏం చేస్తారో కూడా రాయండి. 1990లలో ఫెర్మీల్యాబ్‌లో ప్రోటాన్లను ప్రతిప్రోటాన్లతో (ప్రోటాన్‌కు వ్యతిరేక ఆవేశం ఉన్న జోడు కణాలతో) గుద్దిస్తే బాటమ్ అనే రకం క్వార్కులు లెక్కగట్టినదానికి రెండు మూడు రెట్లు ఎక్కువ కనబడ్డాయి. కొత్త కణమేదైనా ఉందా అని కూడా ఆలోచించారు. పదేళ్లు పట్టింది. చివరికి చూస్తే ఆ క్వార్క్ కణంగా మారేటప్పుడు ఎంత శక్తి తనతో తీసుకుపోతుందన్న పాత అంచనా సరైనది కాదని తేలింది, లెక్క కూడా మెరుగుపడింది, కొలతలూ మెరుగుపడ్డాయి, రెండు వైపులా జరిగి మధ్యలో కలిశారు. ఇంకోవైపు 2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండిట్లోనూ 750 జీఈవీ (జీఈవీ అంటే టీఈవీలో వెయ్యో వంతు) దగ్గర గ్రాఫులో చిన్న ఎత్తు కనబడింది. దాన్ని వివరిస్తూ సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాశారు. 2016 ఆగస్టుకి ఇంకా ఎక్కువ ఢీలు చూస్తే ఆ ఎత్తు లేదు, ఊగిసలాటే. ఎత్తు కనబడినప్పుడు మన పేపర్లలో వార్త వచ్చింది, పోయినప్పుడు నేను వెతికినంతలో కనబడలేదు.

ఇప్పుడు తేలకుండా ఉన్నది ఒకటి చెప్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చార్మ్ అనే రకం క్వార్క్ బయటికొచ్చేటప్పుడు ఒంటరిగా ఉండదు, మిగతా క్వార్కులతో కలిసి ఒక కణమవుతుంది. ఎలక్ట్రాన్, దానికి ధనావేశపు జోడైన పాజిట్రాన్ గుద్దుకునే చోట డి-జీరో అనే కణాలు పది పుడితే లామ్డా-సి అనే మూడు క్వార్కుల కణం ఒకటి పుడుతుంది. ఎక్కడ గుద్దినా ఈ పాళ్లు ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. ఆలిస్ వాళ్లు ప్రోటాన్ ఢీల్లో చూస్తే నెమ్మదిగా పోయేవాటిలో పదికి ఐదు దాకా లామ్డా-సిలు! పాత ట్యూన్‌తో పిథియా ఇది చెప్పలేకపోయింది. పక్కపక్కనే చాలా తీగలు సాగుతున్నప్పుడు అవి ఒకదానితో ఒకటి ముడిపడతాయేమోనని ఒక వివరణ, వేరేవీ ఉన్నాయి, వాదన నడుస్తోంది. ఇలాంటివి చదివితే మా పిల్లోడు భయపడడు, సైన్సులో చేరతాడు.

ఇంత దూరం వచ్చాక మా వైపు తప్పు కూడా రాయాలి. అంతా పత్రికల మీద వేస్తే న్యాయం కాదు. నేను చదువుకునే రోజుల్లో ప్రాక్టికల్స్‌లో లోలకం కట్టి గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కలో (సెం.మీ./సె²) కొలిస్తే 965 వచ్చింది. ల్యాబ్‌లో సార్ దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, "980 రాయి, ఎక్స్‌టర్నల్ వస్తే ఇదేంది అంటాడు" అని, 20 డోలనాలకు ఎంత సమయం పట్టాలో వెనక నుంచి లెక్కకట్టించి రికార్డులో రాయించాడు. ఆ రికార్డు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఇప్పుడు కూర్చుని లెక్కేస్తే, స్టాప్‌వాచ్ నొక్కడంలో నా చేయి ఆలస్యం, దారం పొడవు కొలవడంలో తప్పు కలిపితే సుమారు 15 అటూ ఇటూ ఉంటుంది. 965కి 15 కలిపితే 980. అంటే నా కొలత తప్పు కాదు! ఇంకో సంగతి, నెల్లూరు అక్షాంశం దగ్గర అసలు విలువ 980 కూడా కాదు, 978.3. ఎర్ర ఇంకుతో నా చేత రాయించిన అంకె మన జిల్లాది కానే కాదు.

అదే పని ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. ఈ ఏడాది నేను మా పిల్లలకు వచ్చినదే రాయండి, పక్కన ప్లస్-ఆర్-మైనస్ రాయండి అన్నాను. మార్కులు పోతాయని పిల్లలకు టెన్షన్, వాళ్ల కంటే వాళ్ల అమ్మానాన్నలకు ఎక్కువ. ఇద్దరు తండ్రులు వచ్చి అడిగి వెళ్లారు కూడా. వాళ్లను నేను తప్పుపట్టను, మార్కుల పద్ధతే అలా ఉంది. రావాల్సిన జవాబు ముందే తెలిసి కొలతను దానికి కుట్టే పిల్లవాడు పెద్దయ్యాక విలేకరి అయితే, తేడా వచ్చిందనగానే ఎవరో ఓడిపోయారనుకుని శీర్షిక పెడతాడు. పెట్టకుండా ఎలా ఉంటాడు, మనం వాడికి వేరేది నేర్పలేదు గదా.

కాబట్టి నా విన్నపం చిన్నదే. ఇలాంటి వార్త వేసేటప్పుడు లెక్కగట్టింది ఎంత, కొలిచింది ఎంత, రెండిటికీ అటూ ఇటూ ఎంత, ఈ నాలుగు అంకెలు వేయండి, అది సమీకరణం నుంచి వచ్చిన లెక్కా ట్యూన్ చేసిన మోడలా అన్నది ఒక్క మాట కలపండి. ఆ తర్వాత అది తేలిపోతే ఆ సంగతి కూడా అదే పేజీలో వేయండి. చదువు పేజీ ఎలాగూ ఉంది, సీఎంఎస్ వాళ్లు 2014 నుంచి తమ డేటాలో కొంత అందరికీ ఉచితంగా పెడుతున్నారని, ఇంట్లో కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఇలాంటి ఢీల లెక్కలు నడిపి కొలతలతో పోల్చడానికి ఇచ్చే ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ అనే పథకం ఉందని డిగ్రీ పిల్లలకు చెప్పండి.

టాప్ క్వార్క్‌ది ఆ 829, 832 పక్కపక్కన పెట్టి, తప్పుల గీతలతో సహా, తెలుగులో పేర్లు రాసి, గ్రాఫు గీసి పంపమంటే పంపుతాను. రెండు కాలమ్‌ల వెడల్పు చాలు. ఆ పిల్లోడు కూడా కూర్చుని గీస్తానన్నాడు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
కావలి, నెల్లూరు జిల్లా